తీగ లేదని తేలికగా తీసుకోవద్దు



మన సాంచాల షెడ్లలోకి, మిల్లుల్లోకి ఒక పనిముట్టు చడీచప్పుడు లేకుండా వచ్చి చేరింది. అది బ్యాటరీతో నడిచే డ్రిల్లు మిషను. పిస్తోలు ఆకారంలో ఉంటుంది. ప్లగ్గు అక్కరలేదు, తీగ అక్కరలేదు. ఒకప్పుడు డ్రిల్లు అంటే జాబర్ దగ్గరో, ఫిట్టర్ దగ్గరో ఉండేది. వాళ్లను అడిగితేనే పని జరిగేది. ఇప్పుడది కండెల పెట్టె పక్కన, ఆఫీసు బల్ల సొరుగులో, కిటికీ మీద పడి ఉంటున్నది. ఎవరికి అవసరమైతే వాళ్లు చేతిలోకి తీసుకుంటున్నారు. ఎట్లా పట్టుకోవాలో మాత్రం ఎవరూ ఎవరికీ చెప్పడం లేదు.

పని సులువు చేసే పనిముట్టును మనం వద్దనడం లేదు. కానీ దీన్ని పానా, సుత్తి, స్క్రూడ్రైవర్ల వరుసలో పెట్టి చూడడం పొరపాటు. ఇది చేతి పనిముట్టు కాదు, మిషను. మిషను దగ్గర పాటించే నియమాలన్నీ దీని దగ్గరా పాటించాలి. జాగ్రత్త నేర్చుకోవడం మన బాధ్యత. నేర్పించడం, ఆ జాగ్రత్తకు పట్టే సమయానికి కూలి కట్టడం యాజమాన్యం బాధ్యత. వీటిలో ఏ ఒక్కటి లోపించినా నష్టపోయేది మన చేతులూ, మన కళ్లూ.

తీగతో పాటు ఏం పోయింది?

తీగ ఉన్న డ్రిల్లుతో ఒక ఇబ్బంది ఉండేది. ఎక్స్‌టెన్షన్ బోర్డు తేవాలి, ప్లగ్గు వెతకాలి, తీగ సాంచా కింద పడకుండా చూడాలి. ఇదంతా చేసేసరికి పది నిమిషాలు పట్టేది. ఆ పది నిమిషాలు సాంచా ఆగి ఉండేది, పక్కన మరొక మనిషి ఉండేవాడు. ఆ ఇబ్బంది తెలియకుండానే మనకు కాపలా కాసింది.

ఇప్పుడు ఆ ఇబ్బంది లేదు. రాత్రి షిఫ్టులో రెండు గంటలప్పుడు ఏదో బ్రాకెట్ ఊడుతుంది. జాబర్ మరో షెడ్డులో ఉంటాడు. చేతికందే దూరంలో డ్రిల్లు ఉంటుంది. మోటారు ఆపితే మిగతా సాంచాలు కూడా చూసుకోలేక పీసు వెనకబడుతుంది. ‘రెండు నిమిషాల పనే కదా’ అని తిరిగే సాంచా పక్కనే వంగి బొక్క పెట్టడం మొదలవుతుంది. ఒక పక్క తిరిగే బిట్టు, మరో పక్క తిరిగే బెల్టు, ఆడే సలె. మధ్యలో నిద్ర మొహంతో మనిషి. ప్రమాదానికి ఇంతకన్నా ఏం కావాలి?

అందుకే మొదటి నియమం డ్రిల్లు గురించి కాదు, సాంచా గురించి. సాంచా మీద గానీ, దాని పక్కన గానీ బొక్క పెట్టాలంటే ముందు మోటారు ఆగాలి. స్విచ్చి ఆపితే చాలదు. ఫ్యూజు పీకి జేబులో వేసుకోవాలి, లేదా మెయిన్‌కు తాళం వేసి తాళంచెవి దగ్గర ఉంచుకోవాలి. మనం వంగి ఉన్న సంగతి తెలియక అవతలి వరుస మనిషి స్విచ్చి వేస్తే అది అతని తప్పు కాదు.

మణికట్టు మీద ఎంత బరువు?

‘ఇంత చిన్న మిషను ఏం చేస్తుంది?’ అనేవాళ్లున్నారు. లెక్క వేసి చూద్దాం. మామూలుగా వాడే 18 వోల్టుల డ్రిల్లు తిప్పే బలం సుమారు 40 న్యూటన్ మీటర్లు ఉంటుందనుకోండి. ఇంతకన్నా ఎక్కువ ఉన్నవీ దొరుకుతున్నాయి. బిట్టు ఇనుములో ఇరుక్కుపోతే బిట్టు తిరగదు, మిషను తిరుగుతుంది. మిషను నడి ఇరుసు నుంచి మన పిడికిలి 20 సెంటీమీటర్ల దూరంలో ఉంటే పిడికిలి మీద పడే తోపు 200 న్యూటన్లు. అంటే 20 కిలోల బస్తాను ఎవరో హఠాత్తుగా మన చేతికి పక్కనుంచి తగిలించినట్టు. రెప్పపాటులో మణికట్టు మెలి తిరుగుతుంది. నిచ్చెన మీద ఉంటే మనిషే కింద పడతాడు.

ఈ ఇరుకు ఎక్కువగా రేకు అవతలి వైపుకు బిట్టు బయటపడే క్షణంలో వస్తుంది. ‘అయిపోయింది’ అనుకుని గట్టిగా నొక్కేది కూడా అప్పుడే. అవతలి వైపు తెగబోతున్నదని తెలియగానే ఒత్తిడి తగ్గించాలి, వేగం తగ్గించాలి. పక్క పిడి ఇచ్చిన మిషనైతే దాన్ని బిగించుకుని రెండు చేతులతో పట్టుకోవాలి. ఆ పిడిని డబ్బాలోనే వదిలేసి పని చేయడం మన దగ్గర మామూలైపోయింది. కాళ్లు రెండూ నేల మీద నిలకడగా ఉండాలి. స్టూలు మీద స్టూలు, భీము మీద కాలు ఇవేవీ పనికిరావు.

బొక్క పెట్టే ముక్కను చేత్తో పట్టుకోవద్దు. చిన్న పట్టీ అయినా సరే, వైస్‌లో బిగించాలి. చేత్తో పట్టుకున్న పట్టీని బిట్టు లాక్కుంటే అది కత్తిలా తిరిగి వేళ్లను కోస్తుంది. తొడ మీద పెట్టుకుని బొక్క పెట్టడం అన్నిటికన్నా ప్రమాదం. బిట్టు అవతలికి దిగితే ఎక్కడికి దిగుతుందో చెప్పనక్కరలేదు.

బిట్టు మార్చేటప్పుడు

బిట్టు మార్చేటప్పుడు బ్యాటరీ తీసేయాలి. తీగ ఉన్న డ్రిల్లుకు ప్లగ్గు పీకడం ఎట్లాగో దీనికి బ్యాటరీ తీయడం అట్లాగే. చాలామంది ఒక చేత్తో చక్ గట్టిగా పట్టుకుని మరో చేత్తో మీట నొక్కి బిట్టు బిగిస్తారు, వదులు చేస్తారు. చూసేవాళ్లకు గొప్ప నేర్పులా ఉంటుంది. అరచేతి చర్మం ఊడేది అక్కడే.

ఈ మిషనుకు మీట పైన ఒక అడ్డ బొత్తాం ఉంటుంది. అటు నొక్కితే ముందుకు, ఇటు నొక్కితే వెనక్కు తిరుగుతుంది. నడిమధ్యన ఉంచితే మీట పడదు. పని లేనప్పుడు, నిచ్చెన ఎక్కేటప్పుడు, మరొకరి చేతికి అందించేటప్పుడు దాన్ని మధ్యలో ఉంచాలి. సంచిలో పడేసినప్పుడు పానా తగిలి మీట నొక్కుకోవడం జరగగల సంగతే.

చక్ వెనకాల అంకెలున్న ఉంగరం ఒకటి ఉంటుంది. స్క్రూలు బిగించేటప్పుడు దాన్ని చిన్న అంకె దగ్గర పెడితే బిగువు చాలగానే మిషను తనంతట తాను జారి మణికట్టును కాపాడుతుంది. బొక్క పెట్టే గుర్తు మీద ఉంటే ఆ కాపుదల ఉండదు. ఇది తెలియక స్క్రూలకు కూడా బొక్క గుర్తు మీదే ఉంచి వాడేవాళ్లు ఎంతమందో. సుత్తి బొమ్మ ఉన్న గుర్తు ఇటుక గోడకు, కాంక్రీటుకు మాత్రమే. ఇనుముకు దాన్ని వాడితే బిట్టు విరుగుతుంది.

పెద్ద బిట్టుకు తక్కువ వేగం, చిన్న బిట్టుకు ఎక్కువ వేగం. మామూలు ఇనుములో 5 మిల్లీమీటర్ల బిట్టుకు నిమిషానికి 1600 చుట్లు సరిపోతే, 10 మిల్లీమీటర్ల బిట్టుకు 800 చాలు. ముందు సెంటర్ పంచ్‌తో గుర్తు కొట్టి, 3, 4 మిల్లీమీటర్ల బిట్టుతో దారి చేసి, తర్వాత పెద్దది వాడాలి. ఇనుముకు ఒక చుక్క నూనె వేయాలి. సాంచా చట్రం పోత ఇనుమైతే నూనె అక్కరలేదు, పొడి పొడిగా రాలుతుంది. మొద్దుబారిన బిట్టును బలంతో నొక్కేకన్నా పదును పెట్టించడమే మేలు. విరిగిన బిట్టు ముక్క ఎటు ఎగురుతుందో ఎవరూ చెప్పలేరు.

లుంగీ, తువ్వాలు, చేతి తొడుగులు

షెడ్డు వేడికి మనవాళ్లు లుంగీ, బనీను, మెడలో తువ్వాలుతో పని చేస్తారు. తువ్వాలు మెడలో ఉండగా డ్రిల్లు పట్టవద్దు. వేలాడే తాయెత్తు తాడు, వదులు చొక్కా చేతులు, చేతి కడియం, ఇవన్నీ తిరిగే చక్‌కు చిక్కేవే. అక్కచెల్లెళ్లు కొంగు నడుముకు దోపుకోవాలి, జడ ముడి వేసుకోవాలి. బిట్టు అంచు నూలు పోగును ఎట్లా చుట్టుకుంటుందో మన కార్మికులకు ఒకరు చెప్పాలా? వెంట్రుకనూ అట్లాగే చుట్టుకుంటుంది.

చేతి తొడుగులు వేసుకుంటే మంచిదేగా అని కొందరు అంటారు. తిరిగే బిట్టు దగ్గర నూలు తొడుగు మంచిది కాదు. దాని దారం బిట్టుకు చిక్కితే తొడుగుతో పాటు వేలును కూడా లాగుతుంది. రాలిన ఇనుప రజనును ఊడ్చేటప్పుడు తొడుగు వేసుకోండి, బ్రష్షు వాడండి. నోటితో ఊదవద్దు, అది తిరిగి కంట్లోకే వస్తుంది.

కళ్లకు గాగుల్స్ తప్పనిసరి. చూపు కోసం పెట్టుకునే అద్దాలు గాగుల్స్ కావు, వాటి పక్కలు తెరిచే ఉంటాయి. పైకప్పుకు బొక్క పెట్టేటప్పుడు రజను అంతా మొహం మీదికే రాలుతుంది. కంట్లో ఇనుప ముక్క పడితే నలపవద్దు. పక్క మనిషి చేత తువ్వాలు కొనతోనో, అగ్గిపుల్లతోనో తీయించుకునే అలవాటు మానాలి. కంట్లో దిగిన ఇనుము కొన్ని గంటల్లోనే తుప్పు మరకను వదలడం మొదలుపెడుతుంది. వెంటనే కంటి డాక్టరు దగ్గరకు వెళ్లాలి.

షాకు కొట్టదనే భ్రమ

‘బ్యాటరీది కదా, షాకు ఉండదు’ అనే మాట ప్రతి షెడ్డులో వినిపిస్తుంది. బ్యాటరీ మనకు షాకు కొట్టదు, నిజమే. కానీ గోడలో పోయే కరెంటు తీగ ఎవరి మాటా వినదు. స్విచ్చి బోర్డుకు నిట్టనిలువుగా పైన, కింద, అడ్డంగా పక్కన తీగలు పోతాయి. అక్కడ బిట్టు దిగితే ఆ కరెంటు ఇనుప చక్ గుండా చేతికి రావచ్చు. గోడకు బొక్క పెట్టేముందు ఆ వైపు కరెంటు మెయిన్ దగ్గర ఆపాలి.

మరొక సంగతి నిప్పు. మన షెడ్డులో ఎక్కడ చూసినా దూది నూగే. చాలా డ్రిల్లుల్లో మోటారు లోపల కార్బన్ బ్రష్షుల దగ్గర చిన్న నిప్పురవ్వలు వస్తాయి. ఇనుము నుంచి రాలే రజను కాలుతూ ఉంటుంది. నూగు పేరుకున్న చోట ఊడ్చకుండా బొక్క పెట్టడం అగ్గిపెట్టెతో ఆడుకోవడమే. మిషను గాలి కంతల్లో చేరిన నూగును కూడా తరచు శుభ్రం చేయాలి.

బ్యాటరీ సంగతి ఇంకా ముఖ్యం. ఇవి లిథియం బ్యాటరీలు. కింద పడి పగిలినా, ఉబ్బినా, తడిసినా ఛార్జింగు పెట్టవద్దు. జేబులో మేకులు, నట్లతో కలిపి వేసుకోవద్దు, రెండు కొనలకు ఇనుము తగిలితే మంట పుడుతుంది. చాలా కంపెనీల సూచనల్లో 40 డిగ్రీలకు మించిన వేడిలో ఛార్జింగు పెట్టవద్దని ఉంటుంది. షోలాపూర్‌లో మే నెలలో బయటే 40 దాటుతుంది, రేకుల షెడ్డు లోపల సంగతి మనకే తెలుసు. కాబట్టి ఛార్జింగు నూగు లేని, గాలి ఆడే, చల్లని చోట పెట్టాలి. కండెల గుట్ట పక్కన, రాత్రంతా, చూసే మనిషి లేకుండా పెట్టవద్దు. తక్కువ ధరకు వచ్చే నకిలీ బ్యాటరీ, వేరే కంపెనీ ఛార్జరు వాడవద్దు. మంట లేస్తే మెయిన్ ఆపి, అందరినీ బయటకు పంపి, 101కు గానీ 112కు గానీ ఫోను చేయాలి.

అజాగ్రత్త ఎవరిది?

ఇంతవరకు మన జాగ్రత్త గురించి చెప్పుకున్నాం. ఇప్పుడు అసలు ప్రశ్నకు వద్దాం. ప్రమాదం జరగగానే సేటు నోట వచ్చే మొదటి మాట ‘అజాగ్రత్త’. ముకాదం కూడా అదే మాట. కానీ ఆ అజాగ్రత్త ఎక్కడ పుట్టింది?

మన కూలి మీటరు లెక్క, పీసు లెక్క. సాంచా ఆగితే కూలి ఆగుతుంది. ఫిట్టర్ వచ్చేదాకా కూర్చుంటే ఆ గంట మన సొంత ఖాతాలో నష్టం. సేటుకు ఫిట్టర్ జీతం మిగిలింది, మనకు డ్రిల్లు పని అదనంగా వచ్చింది, దానికి పైసా లేదు. మోటారు ఆపమని గోడ మీద రాసి, ఆపినందుకు కూలి కోసే చోట ఆ రాత ఎవరి కోసం? జాగ్రత్తగా ఉన్నవాడు నష్టపోయి, తెగించినవాడు నాలుగు డబ్బులు ఎక్కువ తీసుకుపోయే ఏర్పాటును అట్లాగే ఉంచి, కార్మికుడికి బుద్ధులు చెబితే లాభం లేదు.

‘ముప్పై ఏళ్లుగా చేస్తున్నాం, ఏమీ కాలేదు’ అనే పెద్దలకు కూడా ఒక మాట. మీ అనుభవం మాకు విలువైనది. కానీ ఆ ముప్పై ఏళ్లలో ఎక్కువ భాగం మీ చేతిలో ఉన్నది ఈ మిషను కాదు. మీ వెనక చూసి నేర్చుకుంటున్న పద్దెనిమిదేళ్ల కుర్రవాడికి మీ ముప్పై ఏళ్ల చెయ్యి లేదు. వాడి కోసమైనా గాగుల్స్ పెట్టుకోండి.

భాష సంగతి కూడా ఉంది. డ్రిల్లు డబ్బాలో చిన్న పుస్తకం వస్తుంది. ఇంగ్లీషు ఉంటుంది, ఒక్కోసారి హిందీ. మన తాతలు కరీంనగర్, నల్లగొండ, వరంగల్, పాలమూరు జిల్లాల నుంచి షోలాపూర్‌కు, భివండికి వచ్చి తరాలు గడిచాయి. మరాఠీ మాట్లాడతాం, హిందీ మాట్లాడతాం. అయినా ప్రాణం సంగతి ఇంట్లో మాట్లాడే భాషలో చెబితేనే మనసుకు పడుతుంది. ఆ పుస్తకం డబ్బాతో పాటు చెత్తలోకి పోతున్నది. చదువుకున్న మన పిల్లలు దాన్ని తెలుగులో చెప్పి రాస్తే గోడకు అంటించవచ్చు. ఇది మనమే చేసుకోగల పని.

చట్టం ఏమంటున్నది?

1948 ఫ్యాక్టరీల చట్టం 21వ సెక్షన్ మిషన్ల ప్రమాదకర భాగాలకు కంచె ఉండాలన్నది. 22వ సెక్షన్ నడిచే మిషను దగ్గర పని ప్రత్యేక శిక్షణ పొందినవారే, బిగుతు దుస్తులతోనే చేయాలన్నది, ఆ దుస్తులు యజమానే ఇవ్వాలన్నది. 35వ సెక్షన్ కళ్ల రక్షణ గురించి. ఆ చట్టం స్థానంలో 2020 నాటి వృత్తి భద్రత, ఆరోగ్యం, పని పరిస్థితుల కోడ్ 2025 నవంబరు 21న అమలులోకి వచ్చింది. ప్రమాదాలు లేని పనిచోటు కల్పించడం, శిక్షణ ఇవ్వడం యజమాని విధి అని అందులోనూ ఉన్నది. భద్రత కోసం చేసిన ఖర్చును కార్మికుడి మీద వేయకూడదని కూడా ఉన్నది. గాగుల్స్‌కు జీతంలో కోత కోస్తామనేవారికి ఈ మాట వినిపించండి.

అదే కోడ్‌లో మనకు తగిలిన దెబ్బ కూడా ఉన్నది. 1948 చట్టం మొదట్లో కరెంటుతో నడిచే చోట 10 మంది ఉంటే ఫ్యాక్టరీ అన్నది. ఇప్పుడు 20 మంది ఉండాలి. మన సాంచాల షెడ్లలో ఎన్ని ఈ గీతకు కిందే ఉన్నాయో చుట్టూ చూస్తే తెలుస్తుంది. ఒకే సేటు నాలుగు షెడ్లను నాలుగు పేర్ల మీద నడిపితే చట్టం గుమ్మం దగ్గరే ఆగిపోతుంది. చట్టం చేరని చోటికి యూనియనే చేరాలి.

ఈ.ఎస్.ఐ. ఉన్నవాళ్లు గుర్తుంచుకోండి. 2019 జూలై నుంచి కార్మికుడి వాటా నూటికి 75 పైసలు, యజమాని వాటా మూడు రూపాయల పావలా. పన్నెండు వేల జీతం మీద మన జేబు నుంచి 90 రూపాయలు, యజమాని నుంచి 390 కట్టాలి. పనిలో గాయపడి పని చేయలేకపోతే జీతంలో 90 శాతం చొప్పున భత్యం వస్తుంది. కానీ గాయం పనిలోనే అయిందని కాగితం మీద ఉండాలి. ‘ఇంట్లో తెగిందని చెప్పు, వైద్యం నేను చేయిస్తా’ అనే మాటకు లొంగవద్దు. చిన్న గాయమైనా ప్రమాదాల పుస్తకంలో రాయించండి.

మన కోర్కెలు

ఒకటి: ప్రతి షెడ్డులో, ప్రతి షిఫ్టులో డ్రిల్లు వాడడానికి శిక్షణ పొందిన మనుషుల పేర్లు గోడ మీద రాయాలి. మిగతావారిని ఆ పని చేయమని అడగకూడదు.

రెండు: మరమ్మతు కోసం సాంచా ఆగిన సమయానికి సగటు కూలి కట్టాలి.

మూడు: గాగుల్స్, పదునైన బిట్లు, బిగించే వైస్, మందుల పెట్టె యజమానే ఇవ్వాలి. విరిగిన బిట్టుకు కోత ఉండకూడదు.

నాలుగు: ఛార్జింగుకు నూగు చేరని చోటు వేరుగా చూపించాలి.

ఐదు: డ్రిల్లు చేతిలో ఉంది కాబట్టి, బెల్టులకూ పళ్ల చక్రాలకూ ఊడిపోయిన జాలీలన్నీ తిరిగి బిగించాలి.

ఈ అయిదో కోర్కెను సేటు ముందు గట్టిగా పెట్టండి. ‘జాలీ బిగించడానికి ఫిట్టర్ దొరకలేదు, బొక్కలు పెట్టే మిషను లేదు’ అని ఏళ్ల తరబడి చెప్పిన సాకు ఇప్పుడు చెల్లదు. కొన్ని వేలు పోసి మిషను కొన్నారు. ఆ మిషనుతో పెట్టించవలసిన మొదటి బొక్క మన సాంచా బెల్టు జాలీకి. వచ్చే గేటు మీటింగుకు వచ్చేటప్పుడు మీ షెడ్డులో జాలీ లేని సాంచాలు ఎన్నో లెక్కపెట్టి, చీటీ రాసుకుని రండి.